ఇంటి దీపము విషయములో నమ్మకత్వము



పాత బల్బు తీసి ఎల్.ఇ.డి. బల్బు పెట్టుకొనుట విశ్వాసి ఆలోచించవలసిన విషయమా అని కొందరు అడుగుచున్నారు. కొంచెములో నమ్మకముగా ఉండుటను గూర్చి ప్రభువు లూకా సువార్త 16వ అధ్యాయములో బోధించెను గనుక ఇది ఆలోచించదగినదే అని మేము తలంచుచున్నాము.

మొదట లెక్క చూతము. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇంచుమించుగా ఇచ్చును. పాత బల్బు కరెంటులో చాలమట్టుకు వేడిగా పోగొట్టును. రోజుకు 5 గంటలు వెలిగే చోట మార్చినచో సంవత్సరమునకు సుమారు 93 యూనిట్లు మిగులును. మన దేశములో బొగ్గుతో ఒక యూనిట్ తీయుటకు అర కిలోకు పైగానే బొగ్గు కాలును. రాయచూరు, చంద్రపూర్, తాల్చేర్‌లలో బొగ్గు, నైవేలిలో లిగ్నైటు కాలుచున్నవి. ఆ పొగ, ఆ బూడిద అక్కడి మన పొరుగువారి మీద పడుచున్నవి. కాబట్టి మన స్విచ్చి సంగతి మన గోడతో ఆగిపోదు.

అయితే ప్రతి బల్బు నేడే మార్చనక్కరలేదు. రోజుకు పది నిమిషములు వెలిగే సామాన్ల గదిలో ఏడాదికి 3 యూనిట్లే మిగులును. అక్కడ వెలుగుచున్న బల్బును పారవేయుట పొదుపు కాదు. వంటగది, వరండా, మందిరము ముందు మార్చవలెను. అద్దె ఇండ్లలోని వారు సంకోచించనక్కరలేదు; ఇల్లు మారునప్పుడు బల్బును విప్పి తీసికొనిపోవచ్చును.

మనలను నిజముగా పరీక్షించు ప్రశ్న వేరొకటి ఉన్నది. యంత్రము తక్కువ బొగ్గుతో పనిచేసినకొలది దేశము మరి ఎక్కువ బొగ్గు కాల్చునని జెవన్సు అను ఆంగ్ల ఆర్థికవేత్త 1865లో వ్రాసెను. మన ఇండ్లలోను ఇట్లే జరుగును. ఎల్.ఇ.డి.యే గదా అని ఎవరును లేని గదిలో దీపము విడిచిపెట్టుదుము. క్రిస్మసుకు ఒక నక్షత్రము చాలక ఇంటి చుట్టు తోరణములు తెల్లవార్లు వెలిగింతుము. బల్బు కరెంటును తగ్గించగలదు గాని మన ఆశను తగ్గించలేదు.

ఐదువేలమందికి ఆహారము పెట్టిన ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించెను. మనకు మిగిలినది ఎక్కడికి పోవుచున్నది? పాత బల్బు కొన్నప్పుడు చవక, కాల్చినప్పుడు ఖరీదు. అందుచేత పేద ఇంటిలోనే అది ఎక్కువకాలము నిలుచును. సంఘములోని ఒక విధవరాలి ఇంట రెండు ఎల్.ఇ.డి. బల్బులు పెట్టించినచో, ఆమెకు ప్రతి నెల కొంత పైకము చేతిలో మిగులును.

కాబట్టి మార్చుట మేలే. మార్చిన తరువాత కూడ అక్కరలేని దీపము ఆర్పుదము, మిగిలినది పంచుకొందము. ఇట్టి కొంచెములో ప్రభువు మనలను నమ్మకమైనవారిగా కనుగొనును గాక. ఆమేన్.