గ్రామసభ సంతకం కూడా సాక్ష్యమే

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక చింతలపూడి మస్జిద్ వరండాలో ఒక పెద్దాయన మా పక్కన కూర్చున్నారు. దగ్గర పల్లెలో రెండెకరాల మొక్కజొన్న సేద్యం ఆయనది. "మౌల్వీ సాబ్, మా ఊళ్ళో గ్రామసభ అయిందట. మేమెవరమూ వెళ్ళలేదు. మర్నాడు రిజిస్టరు ఇంటికే తెచ్చారు. అందరూ పెట్టారని నేనూ సంతకం పెట్టాను. ఇందులో గునాహ్ ఏమైనా ఉందా?" అని అడిగారు.

"సంతకం పైన ఏం రాసి ఉంది చాచా?" అన్నాము.

"చదవలేదు."

నమాజు, జకాతుల మసాయిల్ అడిగేవారు చాలామంది ఉన్నారు. ఈ మసలా మాత్రం మమ్మల్ని ఇంటికి వెళ్ళాక కూడా వదలలేదు.

సోదరులారా! గ్రామసభలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు సభ్యులే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ లెక్కలు, ఆడిట్ నివేదిక, కొత్త పన్నులు, చేపట్టబోయే పనులు, లబ్ధిదారుల ఎంపిక ఈ సభ ముందుకు రావాలి. అలాంటి రిజిస్టరులో సంతకం చేయడమంటే "నేను అక్కడ ఉన్నాను, విన్నాను" అని చెప్పడమే. షరీఅత్‌లో దీని పేరు షహాదత్, అంటే సాక్ష్యం. లేని చోట ఉన్నానని చెప్తే అది అబద్ధపు సాక్ష్యం.

హజ్రత్ అబూబక్రా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. మహా పాపాలను వివరిస్తూ దైవప్రవక్త (స) షిర్క్‌ను, తల్లిదండ్రుల పట్ల అవిధేయతను పేర్కొన్నారు. అప్పటి దాకా ఆనుకుని ఉన్న ఆయన లేచి కూర్చుని అబద్ధపు సాక్ష్యం గురించి హెచ్చరించారు. ఇక చాలిస్తే బాగుండునని సహాబాలు అనుకునేంత వరకు ఆ మాటను మళ్ళీ మళ్ళీ అన్నారు. వంద రూపాయల అప్పు పత్రం మీద తప్పుడు సంతకానికి మనం భయపడతాం. ఊరందరి సొమ్ము ఉన్న రిజిస్టరు దగ్గర ఆ భయం ఏమైపోతోంది?

అలాగని సంతకం మానేసి ఇంట్లో కూర్చుంటే బాధ్యత తీరిపోదు. సాక్షులు పిలిచినప్పుడు నిరాకరించరాదని, సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపంతో నిండినదని అల్ బఖరా సూరా బోధిస్తున్నది. దండోరా వేసి పిలిచిన సభ కూడా ఒక పిలుపే కదా! 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆనాడు మనలో ఎంతమంది వెళ్ళారో ఎవరి మనస్సును వారే అడగాలి.

"మనవి నాలుగిళ్ళు, మన మాట ఎవరు వింటారు?" అంటారు. సాక్షి తీర్పుకు బాధ్యుడు కాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పడమే అతని పని. ఉహద్ యుద్ధాన్ని చూడండి. హిజ్రీ 3వ సంవత్సరం. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళ్ళి పోరాడదామన్నారు. వహీ అందుకునే ప్రవక్త (స) తమ అభిప్రాయాన్ని పక్కనబెట్టి వారి మాటనే మన్నించారు. యుద్ధంలో 70 మంది షహీదులయ్యారు. ఇక జనాన్ని అడగనక్కర్లేదని ఎవరైనా అనుకునే సమయమది. కానీ ఆ యుద్ధం తర్వాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరాలోనే, వారిని మన్నించమని, వ్యవహారాల్లో వారిని సంప్రదించమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అంత నష్టం తర్వాత కూడా షూరా రద్దు కాలేదు.

సభకు వెళ్ళేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఖబరస్తాన్ ప్రహరీ గోడ కావలసినప్పుడే సాయిబులు కనిపిస్తారనే మాట మనం తెచ్చుకోకూడదు. పక్క పేటలో కుళాయి రాకపోయినా లేచి చెప్పాలి. చింతలపూడి ఎత్తిపోతల పథకం కాలువకు పొలం పోయి పరిహారం కోసం తిరిగే రైతు ఏ కులంవాడైనా అతని తరఫున సాక్ష్యం మన మీద ఉంది.

ఇళ్ళలోని స్త్రీలను కూడా తీసుకెళ్ళండి. హుదైబియాలో సహాబాలు నిశ్చేష్టులై నిలబడిపోయినప్పుడు దారి చూపిన సలహా హజ్రత్ ఉమ్మె సలమా (రజి) గారిది. ఇక చెప్పక తప్పదు, మన మస్జిద్ కమిటీల్లోనూ నలుగురే కూర్చుని లెక్కలు ముగించి, తర్వాత సంతకాలు సేకరించే అలవాటు ఉంది. పంచాయతీని ప్రశ్నించే నోరు అక్కడ కూడా తెరుచుకోవాలి.

తర్వాతి జుమాకు పెద్దాయన మళ్ళీ వచ్చారు. తౌబా చేసుకోమన్నాము, దానితోపాటు ఆ తప్పును సరిదిద్దమన్నాము. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ సభ తీర్మానాల నకలు అడగవచ్చు. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నకలు వచ్చాక, తాను ఆ సభలో లేనన్న మాటను వచ్చే గ్రామసభలో అందరి ముందూ చెప్పాలి.

"నాకు చదువు అంతంతమాత్రం మౌల్వీ సాబ్" అన్నారాయన.

పదో తరగతి చదివే మనవడున్నాడు కదా, వాడిని వెంటబెట్టుకెళ్ళండి, గట్టిగా చదివి వినిపిస్తాడన్నాము.