తగ్గాల్సింది ఎవరు?

శ్రీ సిటీలో నేలకి లెక్క ఉంది. ఏ ప్లాటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏది సెజ్‌లోకి వస్తుందో, ఏ ఫ్యాక్టరీ గోడ ఎవరిదో అన్నిటికీ కాగితాలున్నాయి. కాస్త దక్షిణానికి పోతే రాష్ట్రమే మారిపోతుంది, ఆ గీత కూడా మ్యాపులో ఖచ్చితంగా ఉంటుంది. ఆ నేల మీది గాలికి మాత్రం పట్టాల్లేవు. అక్కడ 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీ హాస్టలే తీసుకోండి, ఏ ఊళ్ళో ఏ హాస్టలైనా తీసుకోండి. ఒక కారిడార్‌లోని ఫోన్లూ లాప్‌టాపులూ అన్నీ ఒకే వైఫై ఛానల్‌ని పంచుకోవాలి. లైసెన్సు అక్కర్లేని తరంగాలవి. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పెద్దమనిషి లేడు. రెండు పరికరాలు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పాడైపోతాయి. మరి అక్కడ రోజూ కొట్లాట ఎందుకు జరగట్లేదు? ఒక చిన్న నియమం వల్ల. దాని పేరు బ్యాక్‌ఆఫ్. మన మాటల్లో చెప్పాలంటే, తగ్గడం.

ఇంజనీరింగ్ కుర్రాళ్ళు దీన్ని పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా రాసేసి మర్చిపోతారు. నాకు మాత్రం ఇది నీతిశాస్త్రంలో ఉండాల్సిన ప్రశ్న అనిపిస్తుంది.

ఇద్దరు మనుషులు ఒకేసారి నోరు తెరిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఇద్దరూ ఆగుతారు. "మీరు చెప్పండి" అని ఇద్దరూ ఒకేసారి అంటారు. మళ్ళీ ఆగుతారు, మళ్ళీ ఇద్దరూ మొదలెడతారు. ఇక్కడ మర్యాదకేం లోటు లేదు. ఇద్దరి మర్యాదా ఒకే కొలతలో ఉండటమే చిక్కు. 1971లో హవాయి దీవుల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం రేడియో మీద కంప్యూటర్లని కలిపినప్పుడు ఎదురైంది ఈ చిక్కే. ఢీకొన్న ఇద్దరూ చెరి కాసేపు ఆగాలి, ఆ 'కాసేపు' ఎంతన్నది ఎవరికి వాళ్ళు చీటీ తీసి తేల్చుకోవాలి అన్నది వాళ్ళ పరిష్కారం. 1973లో జెరాక్స్ పరిశోధనాశాలలో ఈథర్‌నెట్ మొదలుపెట్టిన బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దానికి ఇంకో మెట్టు కలిపారు. ఢీకొన్న కొద్దీ చీటీల కుండ పెద్దదవ్వాలి.

తర్వాత స్థిరపడిన లెక్క ఇది. మొదటిసారి ఢీకొంటే 0, 1 రెండే చీటీలు. రెండోసారి 0 నుంచి 3. మూడోసారి 0 నుంచి 7. పదోసారికి 0 నుంచి 1023, అక్కడితో పెంపు ఆగుతుంది. పాత 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో చీటీలో వచ్చిన అంకెని 51.2 మైక్రోసెకన్లతో హెచ్చవేస్తే ఎంతసేపు ఆగాలో వస్తుంది. 16 సార్లు విఫలమైతే ఇక ఆ ప్యాకెట్‌ని వదిలేసుకోవడమే. వైఫై కూడా ఈ కుటుంబంలోదే. కాకపోతే తను మాట్లాడుతున్నప్పుడు దానికి పక్కవాడి మాట వినపడదు కాబట్టి, ముందే చీటీ తీసుకుని ఆగి, అప్పుడు నోరు తెరుస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఓటమిని చదివే పద్ధతి. ఆ పరికరానికి పక్కన ఎంతమంది ఉన్నారో తెలీదు, వాళ్ళ అవసరాలేమిటో తెలీదు. తెలిసిందల్లా తను ఎన్నిసార్లు విఫలమైందన్న ఒక్క అంకె. ఆ అంకెని అది తన చేతకానితనం కింద రాసుకోదు, పక్కవాడి దుర్మార్గం కింద కూడా రాసుకోదు. "ఇక్కడ రద్దీగా ఉంది" అని మాత్రం అర్థం చేసుకుంటుంది. నాలుగు ఇంటర్వ్యూలు పోగానే నా బతుకింతే అనుకునే మనకి ఇలా చదవడం రాదు.

రెండోది చీటీ. సమానుల మధ్య ఎవరు ముందు అన్న ప్రశ్నకి నీతి దగ్గర జవాబు ఉండదు. అక్కడ ఎవరు నిర్ణయించినా పక్షపాతమే అవుతుంది. తిరుమలలో కొన్ని సేవా టికెట్లకి లక్కీ డిప్ తీస్తారు. రానివాళ్ళు బాధపడతారేమో గానీ, అవమానపడరు. అదే సిఫార్సు లేఖతో ఇంకొకరు ముందుకెళ్తే మనసులో పడే ముల్లు వేరు. చీటీకి మొహం చూసే కళ్ళుండవు, దాని న్యాయం అదే.

అసలు ఎవరూ తగ్గకపోతే? 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ లాబ్‌కీ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, పట్టుమని 400 గజాలు లేని దూరంలో, సెకనుకి 32 వేల బిట్లు వెళ్ళాల్సిన దారిలో 40 బిట్లు వెళ్ళాయి. దారి తెగిపోలేదు. అందరూ తమ మాట అందలేదని మళ్ళీ మళ్ళీ పంపుతూ పోవడంతో దారి నిండా అవే మాటలు మిగిలాయి. వాన్ జేకబ్సన్ 1988లో దీనికి రాసిన మందులోనూ ముఖ్యమైన దినుసు తగ్గడమే.

జనం విషయంలో దీని ఖరీదు బిట్లలో ఉండదు. శ్రీ సిటీ ఉన్న జిల్లాకి కేంద్రమైన తిరుపతిలో 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ "జనానికి క్రమశిక్షణ లేదు" అనే మాట వినిపిస్తుంది. ఆ మాట అనేముందు ఒకటి ఆలోచించాలి. అంత గుంపులో ఒక్క మనిషి వెనక్కి అడుగు వేస్తే ఏమవుతుంది? ఆ ఖాళీలోకి ఇంకొకరు వస్తారు. తన వంతు తిరిగొస్తుందన్న నమ్మకం లేనప్పుడు, తగ్గమని మనిషికి చెప్పడం నీతి బోధ అనిపించుకోదు, అది నష్టపొమ్మని చెప్పడమే. వైఫైలో ఒక మంచి ఏర్పాటుంది. నేను పది లెక్కపెడుతూ ఉండగా మధ్యలో ఇంకొకరు మాట్లాడితే నా లెక్క ఆగుతుందే తప్ప చెరిగిపోదు. వాళ్ళు ముగించాక ఆగిన చోటు నుంచే లెక్కపెడతాను. అంటే క్యూలో నించున్న కాలం వృథా పోదు. మనుషులు తగ్గాలంటే ముందు ఈ భరోసా కావాలి.

ఇంతవరకూ తగ్గడాన్ని మెచ్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు దాని చీకటి కోణం.

పాత ఈథర్‌నెట్ తీగ మీద ఎ, బి అని ఇద్దరున్నారు. ఇద్దరి దగ్గరా పంపాల్సింది బోలెడుంది. మొదటిసారి ఢీకొన్నారు. ఇద్దరికీ 0, 1 చీటీలే. ఎ కి 0 వచ్చింది, బి కి 1. ఎ నెగ్గి తన ప్యాకెట్ పంపేశాడు. నెగ్గాడు కాబట్టి ఎ లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాతి ప్యాకెట్‌కి ఇద్దరూ మళ్ళీ ఢీకొన్నారు. ఇప్పుడు ఎ కి ఇది మొదటి దెబ్బ, కుండలో 0, 1. బి కి రెండోది, కుండలో 0 నుంచి 3. లెక్క వేసి చూడండి. ఎ నెగ్గే అవకాశం ఎనిమిదిలో ఐదు, బి నెగ్గే అవకాశం ఎనిమిదిలో ఒకటి, మిగిలిన రెండు మళ్ళీ ఢీకొనేవి. బి ఇంకోసారి ఓడితే తేడా ఇంకా పెరుగుతుంది. మొదటి గెలుపు ఉత్త అదృష్టం. రెండోసారికల్లా అది ఆస్తి అయిపోయింది.

ఇక్కడ మోసగాడెవడూ లేడు. ఇద్దరూ ఒకే నియమాన్ని అక్షరాలా పాటించారు. "ఓడినవాడు ఇంకా తగ్గాలి, గెలిచినవాడు అన్నీ మర్చిపోవచ్చు" అన్న రెండు ముక్కలూ కలిసినచోట అన్యాయం దానంతటదే పుట్టింది. మన చుట్టూ ఇది లేదా? ఇంటికొచ్చిన కొత్త కోడలు మొదటిసారి సర్దుకుపోతే, రెండోసారి సర్దుకుపోవాల్సింది తనే అని అందరూ అనుకుంటారు. పదేళ్ళకి అది ఆవిడ "మంచి స్వభావం" అవుతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే అమ్మని మనం త్యాగమయి అంటాం. ఆ లెక్కలో అవతలివాళ్ళు ప్రతి పూటా సున్నా నుంచి మొదలుపెడుతున్నారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. సినిమాలో పుష్పరాజ్ చిత్తూరు యాసలో తగ్గనని అంటే హాళ్ళలో అన్ని ఈలలు ఎందుకు పడ్డాయంటే, అప్పటికే తగ్గీ తగ్గీ ఉన్నవాళ్ళు చాలామంది ఆ హాళ్ళలో ఉండబట్టేనేమో. ఆ ఈలని నేను తప్పుపట్టలేను. కాకపోతే అందరూ ఆ మాటే అంటే 400 గజాల దారిలో 40 బిట్లే మిగులుతాయి.

1994లో భార్గవన్, డీమర్స్, షెంకర్, జాంగ్ అనే నలుగురు వైర్‌లెస్ కోసం మకావ్ అనే పద్ధతి రాశారు. వాళ్ళ మార్పులు చిన్నవి. ప్రతివాడూ పంపే ప్యాకెట్‌లో తన బ్యాక్‌ఆఫ్ అంకె కూడా రాయాలి, అది విన్నవాళ్ళందరూ ఆ అంకెనే తమదిగా తీసుకోవాలి. గెలిచినవాడి అంకె కూడా ఒక్కసారిగా కిందికి పడిపోకూడదు, ఒక్కో మెట్టే దిగాలి. అంటే రద్దీ భారం ఓడినవాడి ఒక్కడి నెత్తిన ఉండదు, విన్న ప్రతివాడిదీ అవుతుంది. గెలిచినవాడు కూడా ఇక్కడ ఇరుకుగా ఉందన్న సంగతి గుర్తుపెట్టుకుని నడుచుకోవాలి. ఇప్పటి వైఫై ఈ దారి తీసుకోలేదు. అందులో గెలిచినవాడు ఇవాళ్టికీ అన్నీ మర్చిపోయి 0 నుంచి 15 చీటీలకి వచ్చేస్తాడు. ఫోన్ సంభాషణలాంటి వాటికైతే ఇంకా చిన్న కుండ, 0 నుంచి 3 వరకే. ఆలస్యంగా వచ్చిన గొంతు పనికిరాదు, ఆలస్యంగా వచ్చిన మెయిల్ పనికొస్తుంది కాబట్టి ఆ వెసులుబాటు సమంజసమే. మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి ఇచ్చినంతవరకూ దాన్ని అంబులెన్సుకి దారివ్వడం అనొచ్చు.

ఈథర్‌నెట్ తీగల్లో ఈ సమస్య ఇప్పుడు దాదాపు లేదు. స్విచ్‌లొచ్చి ఎవరి తీగ వాళ్ళకి ఇచ్చేశాయి. చాలినంత ఉన్నచోట తగ్గాల్సిన పనే లేదు. గాలినీ రోడ్డునీ అమ్మ టైమునీ అలా ముక్కలు చేసి ఎవరిది వాళ్ళకి ఇవ్వలేం. అక్కడ ఎవరో ఒకరు ఆగాల్సిందే. అందుకే ఎవరైనా నన్ను "కాస్త తగ్గు" అంటే, లేదా నేనే ఎవరినైనా అనబోతే, అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది: పోయినసారి తగ్గింది ఎవరు?