బంగారు బాతు, వడ్డీ లెక్క: సముద్ర సంరక్షణలో లాభమూ ధర్మమూ

ప్రవేశిక

బంగారు గుడ్లు పెట్టే బాతు కథలో బాతును కోసినవాడు మూర్ఖుడు. రోజుకొక గుడ్డు చాలక, కడుపులో ఉన్నవన్నీ ఒక్కసారే దక్కించుకోబోయి ఉన్నదీ పోగొట్టుకుంటాడు. ప్రకృతి వనరుల విధ్వంసాన్ని గురించిన హితబోధ సాధారణంగా ఈ కథ తర్కాన్నే అనుసరిస్తుంది. మనిషి అత్యాశతో తన మేలును తానే గుర్తించలేకపోతున్నాడనీ, దీర్ఘకాలిక లాభమేదో బోధపడితే సముద్రాన్ని తానే కాపాడుకుంటాడనీ ఆ బోధ సారాంశం. లాభమూ ధర్మమూ చివరకు ఒకే చోటికి చేరుతాయన్న నమ్మకం దీనికి ఆధారం. సముద్రం విషయంలో ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

తెలుగువారి వాడుకలో ఈ ప్రశ్నకు ఒక ఆనవాలు ఉంది. నేలపై పండించే పని సాగు; సముద్రంలో చేపలు పట్టే పని వేట. రైతు ఎంత ఇబ్బందిలోనైనా విత్తనపు గింజలను వేరుగా దాచుకోవడానికే చూస్తాడు. వేటకు వెళ్ళినవాడు విత్తడు, కనుక విత్తనం దాచే బాధ్యత ఎవరిదో ఆ వృత్తి స్వభావం చెప్పదు. సముద్రానికి 'రత్నాకరం' అన్న పర్యాయపదం కూడా ఇలాంటిదే. ఆకరమంటే గని. ఆ పదంలో సంపద ప్రస్తావన ఉంది గాని తరుగుదల ప్రస్తావన లేదు.

విత్తనం దాచే బాధ్యత

సముద్రంలో విత్తనం ఎందుకు మిగలదో ఆర్థికశాస్త్ర పరిభాషలో స్పష్టంగా వివరించినవారిలో కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ ముఖ్యుడు. ఉమ్మడి వనరుగా ఉన్న మత్స్యసంపదపై 1954లో ప్రకటించిన వ్యాసంలో ఆయన వాదన ఇది: ఎవరైనా ప్రవేశించగల జలాల్లో ఒకరు వదిలిన చేప మరొకరి వలలో పడుతుంది. కనుక వదలడం వల్ల వదిలినవాడికి ప్రయోజనం లేదు. ఖర్చులు పోను మిగులు పూర్తిగా హరించుకుపోయేవరకు కొత్త పడవలు దిగుతూనే ఉంటాయి. ఈ స్థితిలో వేటగాడు అత్యాశాపరుడు కానక్కరలేదు. తోటివారిపై నమ్మకం లేనివాడైతే చాలు.

గోర్డన్ దేశపు తూర్పు తీరమే ఈ నష్టానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అయింది. న్యూఫౌండ్‌లాండ్ సమీపంలో శతాబ్దాలుగా కాడ్ చేపల వేట సాగింది. భారీ ట్రాలర్ల రాకతో 1968లో పట్టుబడి సుమారు 8 లక్షల టన్నులకు చేరి, ఆ తరువాత పతనమైంది. 1992 జూలైలో కెనడా ప్రభుత్వం ఆ వేటను నిషేధించినప్పుడు దాదాపు 30,000 మంది ఉపాధి కోల్పోయారు. 1977లోనే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు వేటపై అధికారాన్ని కెనడా తన చేతికి తీసుకుంది. విదేశీ నౌకలు వెనుదిరిగాక స్వదేశీ నౌకలు వాటి స్థానంలోకి వచ్చాయి. యజమాని ఏర్పడినా విత్తనం మిగలలేదు.

ఉమ్మడి వనరులకు నాశనం తప్పదన్న గారెట్ హార్డిన్ 1968 నాటి వాదాన్ని ఎలినార్ ఆస్ట్రమ్ క్షేత్రస్థాయి నిదర్శనాలతో సవరించింది. సమూహాలు తమకు తాము నియమాలు ఏర్పరచుకుని వనరులను తరాల పాటు నిలుపుకున్న సందర్భాలను ఆమె చూపింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సులో ఇందుకు సన్నిహితమైన పద్ధతి ఉంది. అక్కడి తమిళ మత్స్యకార గ్రామాల్లో వేట స్థలాలను కుటుంబాల మధ్య వంతులవారీగా పంచుకునే ఏర్పాటును 'పాడు' అంటారు. తెలుగువారి చెవికి వినాశనాన్ని స్ఫురింపజేసే శబ్దం అక్కడ వినాశనాన్ని నిలువరించే కట్టుబాటుకు పేరు. అయితే ఆ కట్టుబాటు కులసంఘం హద్దుల్లో పనిచేస్తుంది. హద్దుకు వెలుపల ఉన్నవారికి వంతు లేదు. సముద్రాన్ని కాపాడే నియమం మనుషుల పట్ల న్యాయమైనదే కావాలన్న నిర్బంధం లేదని కూడా ఈ ఉదాహరణ చెబుతుంది.

వడ్డీ ఇచ్చే తీర్పు

ఇంతవరకు సమస్య పోటీదే అనిపిస్తుంది. పోటీని తొలగించి, సముద్రాన్ని ఒకే యజమానికి అప్పగిస్తే అతడు తన సొత్తును కాపాడుకుంటాడా? కెనడా గణితశాస్త్రజ్ఞుడు కాలిన్ క్లార్క్ 1973లో ఇచ్చిన సమాధానం కలవరపరిచేది. నీలి తిమింగలాన్ని ఉదాహరణగా తీసుకుని, ఒక్కడే యజమాని అయినా, దూరదృష్టి ఉన్నవాడైనా, ఆ జాతిని తుదముట్టించడమే అతనికి లాభసాటి కావచ్చునని ఆయన నిరూపించాడు.

ఆ తర్కాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. తిమింగలాల సంతతి ఏటా నూటికి నాలుగు వంతున పెరుగుతుందని, మదుపు చేసిన సొమ్ము నూటికి ఎనిమిది వంతున పెరుగుతుందని అనుకుంటే, వంద రూపాయల విలువైన తిమింగలాన్ని సముద్రంలో వదిలినవాడికి ఏడాదికి నాలుగు రూపాయలు, చంపి అమ్మి సొమ్మును మదుపు చేసినవాడికి ఎనిమిది రూపాయలు దక్కుతాయి. చివరి తిమింగలాన్ని వెతికి పట్టే ఖర్చు దాని ధరను మించనంతవరకు ఈ లెక్క మారదు. నెమ్మదిగా పెరిగే ప్రాణి వేగంగా పెరిగే సొమ్ముతో పందెంలో ఓడిపోతుంది. బాతును కోసినవాడు మూర్ఖుడన్న కథ ఇక్కడ తలకిందులవుతుంది. వాడు నిపుణుడైన గణకుడు కావచ్చు.

చరిత్రలో తిమింగలాన్ని చూసిన తీరు కూడా ఇలాంటిదే. 1946 నాటి అంతర్జాతీయ ఒడంబడిక తిమింగలాల సంరక్షణను, తిమింగల పరిశ్రమ క్రమాభివృద్ధిని ఒకే వాక్యంలో లక్ష్యాలుగా చెప్పుకుంది. దక్షిణ ధ్రువ సముద్రంలో వేట పరిమితిని 'నీలి తిమింగలం ప్రమాణం'లో కొలిచేవారు. ఒక నీలి తిమింగలం రెండు ఫిన్ తిమింగలాలకు, రెండున్నర హంప్‌బ్యాక్‌లకు, ఆరు సెయి తిమింగలాలకు సమానం. వాటి నుంచి వచ్చే నూనె ఈ సమీకరణానికి ఆధారం. మొత్తం ప్రమాణాల సంఖ్యకే హద్దు ఉండటంతో, ఒక్క వేటలో ఎక్కువ నూనె ఇచ్చే జాతి ముందుగా క్షీణించింది. తరువాత తక్కినవాటి వంతు వచ్చింది. 1972 వరకు ఈ కొలమానం కొనసాగింది. నూనెగా కొలిచినప్పుడు ఒక జాతి అంతరించడం నష్టంగా నమోదు కాదు. మరో జాతితో భర్తీ అయ్యే లోటుగా మాత్రమే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. వ్యక్తికి వడ్డీ ముఖ్యం కావచ్చు గాని, సమాజం తక్కువ వడ్డీరేటుతో భవిష్యత్తును లెక్కించవచ్చు కదా అన్నది. ఆక్షేపణ సరైనదే. కాని ఆ రేటు ఎంత ఉండాలో విపణి చెప్పదు. ఇంకా పుట్టనివారి మేలును నేటివారి మేలుతో పోల్చి ఎంతగా తగ్గించవచ్చన్నది నైతిక నిర్ణయం. ఫ్రాంక్ రామ్సే 1928లోనే, కేవలం తరువాత వస్తుందన్న కారణంగా భవిష్యత్ సుఖాన్ని తక్కువగా లెక్కించడం నీతిరీత్యా సమర్థనీయం కాదన్నాడు. అంటే ఆర్థిక గణన మొదలు కావడానికి ముందే ఒక ధర్మనిర్ణయం జరిగిపోయి ఉంటుంది. గణన దాన్ని దాచగలదు గాని దానికి ప్రత్యామ్నాయం కాలేదు.

విషం ఎవరి వంతు

భవిష్యత్తు తరాల మాట అటుంచినా, నేటివారి మధ్యనే లాభనష్టాల పంపకం మరో ప్రశ్న. ఆంధ్ర తీరంలో ఈ ప్రశ్న రొయ్యల చెరువుల రూపంలో ముందుకు వచ్చింది. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు మొదలుకొని తీరం పొడవునా ఎగుమతి కోసం రొయ్యల సాగు విస్తరించింది. ఉప్పునీరు పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి చేరడం, మడ అడవులు తరగడం, సముద్రానికి వెళ్ళే దారులు మత్స్యకారులకు మూసుకుపోవడం వివాదాస్పదమయ్యాయి. ఎస్. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీర నియంత్రణ మండలిలోని సంప్రదాయేతర రొయ్యల చెరువులను తొలగించాలని, కాలుష్య కారకులే పరిహారం చెల్లించాలని ఆదేశించింది. న్యాయస్థానం పరిగణించిన నీరి సంస్థ నివేదిక, ఆంధ్రప్రదేశ్‌లోను తమిళనాడులోను ఈ సాగు వల్ల కలిగిన సామాజిక, పర్యావరణ నష్టం దాని ఆదాయాన్ని మించిపోయిందని లెక్కగట్టింది.

అయినా ఆ సాగు నష్టదాయకంగా కనిపించలేదు. ఆదాయం ఒకరి ఖాతాలోను, నష్టం మరొకరి బావిలోను చేరడమే దీనికి కారణం. పోతన భాగవతం అష్టమస్కంధంలోని క్షీరసాగరమథన వృత్తాంతం ఈ పంపకాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. అక్కడ కూడా అమృతానికి ముందు హాలాహలం పుడుతుంది. చిలికినవారు అమృతాన్ని ఆశించినవారు. విషాన్ని మింగిన శివుడు అమృతంలో వాటా కోరనివాడు. కాని దేవతలు వెళ్ళి ప్రార్థించారు, ఆయన సమ్మతించాడు. ఉప్పుబారిన బావి దగ్గర నిలిచిన స్త్రీని ఎవరూ ప్రార్థించలేదు. ఆమె సమ్మతించనూ లేదు. త్యాగానికీ అన్యాయానికీ మధ్య ఉన్న తేడా ఈ సమ్మతిలోనే ఉంది. ఆర్థికశాస్త్రం 'బాహ్య వ్యయం' అని పిలిచేదానిలో ఆ తేడా వినిపించదు.

తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో పార్లమెంటు చేసిన చట్టం తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు ప్రత్యేక అథారిటీని ఏర్పరచి, అనుమతులతో దాని కొనసాగింపుకు మార్గం కల్పించింది. నేడు ఆంధ్రప్రదేశ్ దేశంలో రొయ్యల ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉంది. ఆ సాగుపై ఆధారపడిన చిన్న రైతులు, కూలీలు కూడా ఎందరో ఉన్నారు. కనుక చెరువును కేవలం దోషిగా, బావిని కేవలం బాధితురాలిగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. లాభపడే ప్రతివాడి దగ్గర, నష్టపోయేవాడి సమ్మతి ఉందా అని అడగడం మాత్రం న్యాయం.

విరామానికి వెల

సంరక్షణకు ఖర్చు ఉంటుంది. దాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు తూర్పు తీరంలో ఏటా ఒక పాక్షిక సమాధానం దొరుకుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకుని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల, ఇంజను పడవల వేటను నిషేధిస్తారు. రైతు గింజలు దాచినట్టు సముద్రానికి విత్తనం దాచే కాలమిది. ఈ కాలంలో మత్స్యకార కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది.

ఈ సొమ్మును చేప ధరగా చూడలేము. పట్టని చేపకు విపణిలో ధర లేదు. అందరి భవిష్యత్తు కోసం కొందరు పని మానుకున్నప్పుడు, ఆ కొందరి ఆకలి అందరి బాధ్యత అన్న అంగీకారం ఇందులో ఉంది. దీని పరిమితులూ స్పష్టమే. భృతి పడవను, అందులో వేటకు వెళ్ళేవాణ్ణి లెక్కలోకి తీసుకుంటుంది. చేపలను ఎండబెట్టి, గంపలో పెట్టుకుని ఊరూరా అమ్మే స్త్రీ కూడా ఆ రెండు నెలలు పని కోల్పోతుంది. ఆమె నష్టానికి వేరుగా లెక్క లేదు.

పైగా అదే ప్రభుత్వం 2019లో పడవల డీజిల్ రాయితీని లీటరుకు 9 రూపాయలకు పెంచింది. ఒక చేయి విరామానికి వెల చెల్లిస్తే, మరో చేయి వేటకు ఊతమిస్తుంది. ఇది ఒక రాష్ట్రపు వైరుధ్యం మాత్రమే కాదు. రషీద్ సుమైలా బృందం అంచనా ప్రకారం 2018లో ప్రపంచ ప్రభుత్వాలు మత్స్యరంగానికి ఇచ్చిన రాయితీలు సుమారు 3,540 కోట్ల డాలర్లు. అందులో సుమారు 2,220 కోట్ల డాలర్లు వేట సామర్థ్యాన్ని పెంచేవే. వీటిని అదుపు చేసేందుకు ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో ఆమోదించిన ఒప్పందం 2025 సెప్టెంబర్‌లో అమలులోకి వచ్చింది. ఆ చర్చల్లో, సుదూర జలాల్లో భారీ నౌకలు నడిపే దేశాల రాయితీనీ, తీరం దగ్గర బతుకుతెరువుకు వల వేసేవారి రాయితీనీ ఒకే గాటన కట్టరాదని భారత్ వాదించింది. డీజిల్ ఒకటే అయినా అది ఎవరి పడవలో మండుతున్నదన్న ప్రశ్న ముఖ్యమేనని ఆ వాదం గుర్తుచేస్తుంది.

ఉపసంహారం

ఆర్థికశాస్త్రాన్ని సముద్రానికి శత్రువుగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విత్తనం ఎందుకు మిగలదో గోర్డన్ చెప్పాడు. నియమం ఎలా నిలుస్తుందో ఆస్ట్రమ్ చెప్పింది. లాభాన్ని మాత్రమే నమ్ముకున్న సంరక్షణ ఎక్కడ కూలిపోతుందో క్లార్క్ చెప్పాడు. వీరి గణన లేకుండా సదుద్దేశం గుడ్డిది. కాని సముద్రాన్ని ఎందుకు కాపాడాలన్న ప్రశ్నకు ఆ గణన సమాధానం ఇవ్వదు. లాభసాటి కనుక కాపాడాలని చెప్పినవాడు, లాభసాటి కానినాడు విధ్వంసానికి ముందే అనుమతి ఇచ్చినవాడవుతాడు.

బాతు కథలోని నీతి, బాతును బతకనిస్తే ఎక్కువ గుడ్లు దక్కుతాయన్నది. నూటికి ఎనిమిది వడ్డీ వచ్చే లోకంలో ఆ నీతి చాలదు. గుడ్ల లెక్క తేలకముందే బాతుకు బతికే హక్కు ఉందని, గుడ్లలో వాటా లేనివారిపై దాన్ని కోసిన ఖర్చు మోపరాదని అంగీకరించిన సమాజమే ఆ లెక్కను సరిగా ఉపయోగించుకోగలదు. 61 రోజుల విరామం ఆ అంగీకారానికి చిన్న ఆరంభం. చేపల గంప ఎత్తుకునే స్త్రీ కూడా ఆ లెక్కలోకి వచ్చిన రోజున అది మరికొంత సంపూర్ణమవుతుంది.