సార్‌కి ఎదురు చెప్పలేని మెకానిక్

మా ఊరు గూడూరు. రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు కాదు, కర్నూలు జిల్లా గూడూరు. హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా ముందు నెల్లూరు వైపు వెళ్లిపోతారు. వాళ్లని వెనక్కి పిలుచుకొచ్చి కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని అని ఒక్కో పేరూ చెప్తూ పోతే, ఎక్కడో ఒకచోట "ఆ, మంత్రాలయం వైపా" అంటారు. సరే, అటువైపే అనుకోండి.

నాన్న అక్కడ ముప్పై ఏళ్లు లెక్కల టీచరు. రిటైరయ్యాక కూడా ఊళ్లో ఆయన పేరు లెక్కల సారే. ఆయన దగ్గర 2009 మోడల్ చిన్న కారు ఒకటుంది. రెండేళ్లుగా దానికి ఒకటే పని: వారానికి రెండుసార్లు అమ్మని డయాలసిస్‌కి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం, సాయంత్రానికి ఇంటికి తేవడం.

పోయిన వేసవిలో అలా తిరిగొస్తుంటే ముందు వెళ్తున్న ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. నాన్న బ్రేకు తొక్కారు. పెడల్ కిందిదాకా పోయింది. మళ్లీ మళ్లీ తొక్కితే కాస్త పట్టింది. హ్యాండ్ బ్రేక్ లాగి పక్కకి తిప్పితే, కారు రోడ్డు దిగి కంపచెట్ల దగ్గర ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనక సీట్లో నిద్రపోతున్న అమ్మ ఆ కుదుపుకి లేచి "ఇల్లొచ్చిందా?" అని అడిగిందట. ఈ మాట నాన్న ఫోన్లో నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

మొదట కోపం వచ్చింది మా ఊరి మెకానిక్ మీద. ఆ కారుని కొన్నప్పటి నుంచీ చూస్తున్నది అతనే. నాలుగు నెలల కిందే బ్రేకుల పని చేయించాం. "అంతా అయింది సార్, ఇంగ చూసుకోనక్కర్లేదు" అని అతనే చెప్పాడు.

రెండో కోపం నాన్న మీద. అంతకు ముందు ఏడాది పండక్కి వచ్చినప్పుడు నేనే పట్టుబట్టి ఆ కారుని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఏసీ హాలు, కాఫీ మెషిన్, అద్దం అవతల లిఫ్టుల మీద కార్లు. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు పద్నాలుగు ఐటమ్‌ల లిస్టు చూపించాడు. ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్, కారు అడుగున కోటింగ్, ఇంకా ఏవేవో. మొత్తం కలిపితే ఆ కారు అమ్మితే వచ్చే డబ్బులో సగం దాకా ఉంది. "వీటిలో ఇప్పుడు చేయించకపోతే ప్రమాదం అనేవి ఏవి బాబూ?" అని నాన్న అడిగారు. "అన్నీ రికమెండెడ్ సర్" అన్నాడు. నాన్న లేచి కారు తాళాలు అడిగి తీసుకున్నారు.

అంటే నా ముందు ఇద్దరున్నారు. ఒకతను అవసరం లేనివి కూడా చెప్పాడు. ఇంకొకతను అవసరమైనది కూడా చెప్పలేదు. అమ్మ వెనక సీట్లో కూర్చునే కారుని వీళ్లలో ఎవరి చేతిలో పెట్టాలి?

మంచి మెకానిక్‌ని ఎంచుకోవడం మంచి ఫోన్ ఎంచుకున్నట్టు ఉండదు. కొన్ని సరుకుల బాగోగులు కొనేముందే తెలుస్తాయి, చొక్కా రంగులాగా. కొన్నిటివి వాడాక తెలుస్తాయి, హోటల్ భోజనంలాగా. వాడాక కూడా తెలియనివి మూడో రకం. 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఆర్థికవేత్తలు ఈ మూడో రకం గురించి ఒక వ్యాసం రాశారు. డాక్టరు అపెండిక్స్ తీసేశాక మన నొప్పి తగ్గొచ్చు. కానీ అది నిజంగా తీయాల్సిందేనా అన్నది మనకి ఎప్పటికీ తెలీదు. జబ్బేమిటో చెప్పేదీ, మందు అమ్మేదీ ఒకరే అయినప్పుడు వచ్చే చిక్కు ఇది. కారు రిపేరు కూడా అంతే. కొత్త పార్టు వేశాక కారు నడిచింది. పాతదాంతో కూడా నడిచేదేమో, ఎవరు చెప్పొచ్చారు?

మా వైపు వాళ్లకి ఈ చిక్కు ఇంకో రూపంలో బాగా తెలుసు. పత్తి తోలుకొని ఆదోని యార్డుకి పోయిన రైతు ముందు వ్యాపారి బోరెంలో చెయ్యి పెట్టి, పిడికెడు పత్తి లాగి, వేళ్ల మధ్య నొక్కి "తేమ ఉంది" అంటే, ఆ మాటకి రైతు దగ్గర జవాబు ఉండదు. సీసీఐ కొనుగోళ్లలో తేమ కొలిచే మీటరు ఉంటుంది. 8 శాతం లోపైతే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. మీటరు పెట్టినంత మాత్రాన అన్యాయం పోదు గానీ, పోట్లాడటానికి కనీసం ఒక అంకె దొరుకుతుంది. షెడ్డులో విప్పి పెట్టిన కారు ముందు నిలబడ్డ మనకి ఆ అంకె కూడా లేదు.

పెద్ద కంపెనీ, కంప్యూటర్ బిల్లు ఉంటే ఆ అంకె దొరికినట్టేనా? 1992లో అమెరికాలో సియర్స్ అనే పెద్ద రిటైల్ కంపెనీ నడిపే కారు రిపేరు సెంటర్ల మీద కాలిఫోర్నియా వినియోగదారుల శాఖ చర్యకి దిగింది. ఆ శాఖ మనుషులు మామూలు కస్టమర్లలా కార్లు తీసుకెళ్లారు. ముందు బ్రేకు ప్యాడ్లు మాత్రం అరిగినవి పెట్టి, మిగతాదంతా బాగున్న కార్లు అవి. చాలాసార్లు అక్కర్లేని పనులు అంటగట్టారని శాఖ తేల్చింది. ఆ సెంటర్లలో కస్టమర్‌తో మాట్లాడే ఉద్యోగులకి అమ్మిన పనిని బట్టి కమీషన్లు, కోటాలు ఉండేవి. గొడవయ్యాక కంపెనీ ఆ కమీషన్ పద్ధతి ఆపేసింది. ఊరంతా దొంగల్ని వెతికి ఉద్యోగాల్లో పెట్టుకుని ఉండరు కదా. మామూలు మనుషులకి ఒక టార్గెట్ ఇచ్చారు, అంతే.

ట్యాబ్ కుర్రాడి మీద నాకు పెద్ద కోపం లేదు అందుకే. అతనికీ ఏదో టార్గెట్ ఉండి ఉండొచ్చు. వర్క్‌షాప్‌లో అడుగు పెట్టగానే మనసులో వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది: "ఈ పని అక్కర్లేదు" అని చెప్తే ఇతనికి ఏం పోతుంది?

ఈ కొలతతో చూస్తే మా ఊరి మెకానిక్‌కి నూటికి నూరు మార్కులు. "ఈ టైరు ఇంకో ఏడాది నడుస్తాది సార్", "ఆ సౌండుకేం గాదు, వదిలేయండి" అని ఎన్నిసార్లు డబ్బు వదులుకున్నాడో లెక్కలేదు. నాన్నకి నమ్మకం కుదిరింది అలాంటి 'అక్కర్లేదు'ల వల్లే. అయినా పెడల్ కిందిదాకా పోయింది.

కారుని షెడ్డుకి లాక్కొచ్చిన మర్నాడు నేను ఊరెళ్లాను. అతను నా ముందే వెనక చక్రం విప్పి డ్రమ్ తీశాడు. వీల్ సిలిండర్ లోంచి బ్రేకాయిల్ కారి డ్రమ్ములో నల్లగా పేరుకుంది. లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. అతను వాటిని వేలితో నొక్కి చూసి, చాలాసేపు మాట్లాడలేదు.

"లోకల్ కిట్ ఏసినానప్పా," అన్నాడు చివరికి.

"కంపెనీది ఎందుకు వేయలేదన్నా?"

"అసలు సిలిండర్లే మార్చాల్సింది. రెండు కంపెనీవి ఏస్తే రెండు వేలు దాటుతాది. సార్ ఎప్పుడొచ్చినా 'తక్కువలో కానీయ్ నాయనా' అంటాడు. అమ్మ మందులకి ఎంతయితాదో నాకు తెలీదా? అందుకే నేనే తగ్గించినా."

"లోకల్‌ది వేశాను, జాగ్రత్త అని ఆయనకి ఒక మాట చెప్పొచ్చు కదా?"

చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు: "సార్‌కి ఎదురు చెప్పేదెట్లప్పా? నాకు ఎక్కాలు నేర్పించినాయన."

తిడదామని పోయినవాణ్ణి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. అతను మా దగ్గర ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. మా డబ్బు మిగిల్చాడు. అయినా తప్పు చేశాడు. దాన్ని ఏ రకం తప్పు అనాలి?

రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' చదివినవాళ్లకి మొదట్లో వచ్చే వర్క్‌షాప్ గుర్తుండే ఉంటుంది. రేడియో గట్టిగా మోగుతుంటుంది, కుర్రాళ్లు సరదాగా పని చేస్తూ బండిని పాడు చేస్తారు. 1974లో వచ్చిన ఆ పుస్తకం ప్రకారం వాళ్లకి లేనిది శ్రద్ధ. చేస్తున్న పనితో వాళ్లకి సంబంధం లేదు. కాలేజీలో చదివినప్పుడు అదే ఆఖరి మాట అనుకున్నాను. మా షెడ్డు దగ్గర అది సరిపోలేదు. ఈ మనిషికి శ్రద్ధ ఉంది. మా ఇంట్లో మందుల ఖర్చు కూడా లెక్కేసేంత శ్రద్ధ.

నాకు దారి చూపించింది అనెట్ బేయర్ అనే తత్వవేత్త 1986లో నమ్మకం మీద రాసిన వ్యాసం. నమ్మడమంటే మనకి విలువైనదాన్ని ఇంకొకరికి అప్పజెప్పి, దాన్ని ఎలా చూసుకోవాలో వాళ్ల విచక్షణకి కొంత వదిలేయడం అంటుందామె. ఆ వదిలేసిన దానికి ఒక హద్దు ఉంటుంది. పిల్లల్ని చూసుకోమని ఇల్లు అప్పజెప్పి వెళ్తే, ఆ మనిషి పిల్లల గది బాగుంటుందని గోడలకి ఊదారంగు వేసేస్తే, ఉద్దేశం ఎంత మంచిదైనా అది నమ్మకాన్ని నిలబెట్టుకోవడం కాదు. అది ఆమె ఇచ్చిన ఉదాహరణే. మా మెకానిక్ వేసిన ఊదారంగు ఆ లోకల్ కిట్. అమ్మ ప్రాణానికీ రెండు వేలకీ మధ్య ఏది ఎంచుకోవాలో నిర్ణయం మాది. అతను దాన్ని మాకోసమే, మాకు చెప్పకుండా, తీసేసుకున్నాడు.

కానీ రంగు డబ్బా అతని చేతికి ఇచ్చిందెవరు? "తక్కువలో కానీయ్" అనే మాటని మనందరం వాడతాం, బేరం అనుకుని వాడతాం. దాని అర్థం ఇంకొంచెం ఉంది. "ఎక్కడ తగ్గించావో నాకు చెప్పొద్దు" అని కూడా అందులో ఉంది. పైగా చెప్పేది సార్, వినేది ఒకప్పటి స్టూడెంటు. మన ఊళ్లలో గౌరవం అంటే చాలావరకు కాదనకపోవడమే. పెద్దాయన ఎదుట "మీరు అడిగిన డబ్బుల్లో ఈ పని కాదు" అనడం మర్యాద తప్పడం. నాన్న ఇన్నేళ్లుగా ఆ మర్యాదని అనుభవిస్తూ, దాన్ని నమ్మకం అనుకున్నారు.

నా వంతు కూడా ఉంది. నాన్నకి రెండు వేలు లేక కాదు, అడిగితే నేను పంపేవాణ్ణి. ఆయన అడగరు. నేను ప్రతి నెలా ఒకటో తారీకున ఒకే మొత్తం పంపించి, "అంతా ఓకేనా?" అంటాను. ఆయన "ఓకే" అంటారు. మెకానిక్ నాన్నకి ఇబ్బంది కాకూడదని దాచాడు, నాన్న నాకు ఇబ్బంది కాకూడదని దాచారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అందరి మంచితనమూ కలిసి ఆ సిలిండర్ దగ్గర కారింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆఫీసులో నేను కూడా మెకానిక్‌నే. క్లయింట్‌కి నా కోడ్ చదవడం రాదు. రెండు వారాల్లో కావాలన్నప్పుడు టెస్టులు సగం రాసి ఇచ్చిన సందర్భాలున్నాయి. నాకు తెలుసు, మేనేజర్‌కి తెలుసు, డెమోలో అంతా బాగానే నడిచింది. మేం దానికి 'టెక్నికల్ డెట్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం. ఆ అప్పు తీర్చేది ఎవరో క్లయింట్‌కి చెప్పలేదు. మా మెకానిక్ కనీసం తన లాభం చూసుకోలేదు. నాకు ఆ ఏడాది మంచి అప్రైజల్ వచ్చింది.

కాబట్టి ఎలాంటి షెడ్డుని నమ్మాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా జవాబు కొంచెం మారింది. పాత పార్టు చేతికిచ్చే చోటు మంచిది. రెండు ధరలూ చెప్పి తేడా వివరించే చోటు ఇంకా మంచిది. "నాకు అంతుపట్టడం లేదు, ఇంకొకరికి చూపించండి" అనగలిగినవాడు దొరికితే వదులుకోకండి. వీటన్నిటితోపాటు ఇంకొకటి చూసుకోవాలి. అతను నాకు చేదు నిజం చెప్తే, ఖరీదైన నిజం చెప్తే, నేను వినే రకం మనిషిలా కనిపిస్తున్నానా? అలా కనిపించకపోతే ఎంత నిజాయితీపరుడైనా నా దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాడు.

కొత్త సిలిండర్లు వేయించాం, కంపెనీవే. ఆ సాయంత్రం నాన్న షెడ్డుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "ఏమప్పా, నేను లెక్క తప్పు చేస్తే బోర్డు దగ్గరికొచ్చి చెప్పవా?" అని అడిగారు.

అతను తల దించుకుని "చెప్పను సార్" అన్నాడు.

నాన్న నవ్వారు. "చెప్పలేకపోతే రాయి."

మర్నాడు లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, తనే స్కేలుతో గడులు గీసి ఇచ్చారు. చేసిన పని, వేసిన పార్టు కంపెనీదా లోకలా, ఎంతయింది, ఏం మిగిలింది. ఆ పుస్తకం కారు డాష్‌బోర్డులోనే ఉంటుంది. మొన్న దసరాకి వెళ్లినప్పుడు తీసి చూశాను. చివరి గడిలో వంకర అక్షరాలతో ఇలా ఉంది: "ఎనక టైర్లు అరిగినాయి. మార్చాలంటినా. సార్ ఇప్పుడొద్దనిరి."

ఆ రోజే వెళ్లి టైర్లు కొన్నాను.