ఎవరి పాపం?

ఆ ఫిల్ము ముక్క నిమిషం కూడా ఉండదు. నలుపు తెలుపు బొమ్మ. ఒక వెండి రంగు కారు, ముందు పోతున్న చిన్న కారు తోక మీదికెక్కి గాలిలోకి లేస్తుంది. తరవాత అంతా పొగ. 1955 జూన్ 11, శనివారం, సాయంత్రం ఆరున్నర కావస్తోంది. ఫ్రాన్స్‌లో లె మాన్ దగ్గర జరిగే 24 గంటల కార్ల రేసు మొదలై రెండున్నర గంటలయింది. కారు తోలుతున్న మనిషి కాక, చూడ్డానికి వచ్చినవాళ్ళే 80 మందికి పైగా పోయారు. మోటారు రేసుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు.

డెబ్బయ్యేళ్ళుగా జనం ఆ ముక్కని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూస్తూనే ఉన్నారు. నేనూ చూశాను, ఒకసారి కాదు. ఎందుకు చూస్తున్నానని నన్ను నేనే అడిగితే జవాబు సులువుగానే దొరికింది. తప్పు చేసినవాడు కనపడతాడేమోనని. వాడు కనపడితే మనసు కుదుటపడుతుంది. ఫిల్ము కట్టేసి వేరే పని చూసుకోవచ్చు.

జరిగింది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మైక్ హాథార్న్ అనే ఇంగ్లీషు కుర్రాడు జాగ్వార్ డి-టైప్ తోలుతున్నాడు. పెట్రోలు పోయించుకుని, బండిని జోడీ డ్రైవరుకు అప్పగించాలి. అందుకోసం బండ్లు ఆగే పిట్‌లు రోడ్డుకి కుడిపక్కన. లాన్స్ మాక్లిన్ తోలుతున్న చిన్న ఆస్టిన్-హీలీని దాటాడు, కుడివైపుకి వచ్చాడు, బ్రేకు నొక్కాడు. జాగ్వార్‌కి డిస్క్ బ్రేకులు. ఇవాళ మన వీధిలో పిల్లల మోటారు సైకిళ్ళకి కూడా ఉన్నాయి గానీ, అప్పటికవి కొత్త విద్య. 1953లో జాగ్వార్ ఇదే రేసు గెలిచింది వాటి బలం మీదే. బండి ఠక్కున నెమ్మదించింది. వెనకున్న మాక్లిన్ దాన్ని గుద్దకుండా తనూ బ్రేకేసి ఎడమకి తిప్పాడు. ఆ ఎడమ పక్కనుంచే పియర్ లెవే మెర్సిడెస్ దూసుకొస్తోంది. దాని వేగం గంటకి దాదాపు 240 కిలోమీటర్లు, అంటే సెకనుకి 66 మీటర్లు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఆస్టిన్-హీలీ వెనక భాగం ఏటవాలుగా ఉంటుంది. మెర్సిడెస్ దాని మీదుగా ఎగిరి మట్టిగట్టుకి కొట్టుకుని ముక్కలైంది. ఇంజిను, బానెట్, ముందు ఇరుసు జనంలోకి దూసుకుపోయాయి. బరువు తగ్గాలని బండి ఒంటిని మెగ్నీషియం కలిసిన లోహంతో చేశారు. అది అంటుకుంటే నీళ్ళకి ఆరదు, ఇంకా భగ్గుమంటుంది. ఆర్పడానికి వచ్చినవాళ్ళు నీళ్ళే కొట్టారు.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది పాపం?

హాథార్న్ ముందూ వెనకా చూడకుండా అడ్డం వచ్చాడంటే, పిట్‌కి రమ్మని అతనికి పిలుపు వచ్చింది, వచ్చాడు. మాక్లిన్ అద్దంలో వెనక్కి చూసుకోలేదంటే, కళ్ళముందు బండి నిలిచిపోతుంటే ఎవడు అద్దం చూస్తాడు? లెవేకి 49 ఏళ్ళు, రేసులాడే వయసు కాదన్నారు. అతని వెనకే ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ కాబోయే ఫాంజియో వస్తున్నాడు. లెవే చెయ్యెత్తి తనని హెచ్చరించాడనీ, అందుకే తను బతికాననీ ఫాంజియో చెప్పాడు. ఆ సందులోంచి అతను ఎలా బయటపడ్డాడో అతనికే తెలియాలి. చావుకి ఒక్క క్షణం ముందు వెనకవాడి గురించి చెయ్యెత్తిన మనిషిని చేతకానివాడని ఎలా అంటాం? ఆ చెయ్యి హెచ్చరికేనా, మామూలు బెదురేనా అని వాదించేవాళ్ళున్నారు. ఫాంజియో మాత్రం ఆ తరవాత లె మాన్‌లో మళ్ళీ రేసు ఆడలేదు.

ప్రభుత్వం విచారణ జరిపించింది. డ్రైవర్లలో ఎవరి తప్పూ లేదని తేల్చారు. తప్పు ఆ చోటుదన్నారు.

నన్ను వదలనిది ఈ మాటే. ఆ రేసు 1923లో మొదలైంది. అప్పటి బండ్లు గంటకి వంద కిలోమీటర్లు పోవడమే గొప్ప. 1955 నాటికి అదే దారిలో, తిన్నటి రోడ్డు మీద 270 దాటుతున్నాయి. పిట్‌ల ముందు రోడ్డు మాత్రం అంతే ఇరుకు. రేసుదారికీ పిట్‌కీ మధ్య గోడ లేదు, కంచె లేదు, సున్నపు గీతయినా లేనట్టే. ఆగే బండీ, ఆగని బండీ ఒకే దారి. రోడ్డుకి అవతల మనిషి నడుము ఎత్తు మట్టిగట్టు, దాని వెనకే జనం. ముందువాళ్ళ తలలు అడ్డమని స్టూళ్ళు, నిచ్చెనలు తెచ్చుకుని ఎక్కి నుంచున్నారు. ఎడ్లబండ్ల కాలంలో వేసిన రోడ్డు మీద ఇవాళ కార్లు పరుగులు తీస్తుంటే, అరుగు మీద కూర్చున్న ముసలాయన కాళ్ళు ఎప్పటిలాగే రోడ్డు వైపు చాపి ఉంటాయే, అలాంటిదే ఇదీ. ముప్ఫై రెండేళ్ళలో వేగం మూడింతలకి దగ్గరపడింది. వెడల్పుని కొలిచి చూడాలని ఎవరికీ తోచలేదు.

నిజానికి ఎవరికీ తోచలేదనడం కూడా తప్పే. లెవేకి తోచింది. పిట్‌ల దగ్గర ఆ దారి మరీ ఇరుకని, ఇంత వేగానికి అది పనికిరాదని అతను దిగులు పడ్డాడని అతని జోడీ డ్రైవరు, అమెరికా వాడైన జాన్ ఫిచ్, తరవాత చెప్పాడు.

లెవే గురించి కొంచెం చెప్పాలి. అసలు పేరు పియర్ బూయాఁ. రేసులాడిన బంధువొకాయన పేరులోని అక్షరాలు తారుమారు చేసి లెవే అని పెట్టుకున్నాడు. 1952లో ఇదే లె మాన్‌లో, జోడీ డ్రైవరుకి బండి ఇవ్వకుండా, దాదాపు 23 గంటలు ఒంటరిగా తోలాడు. అందరికన్నా ముందున్నాడు. ఇంకో గంటా గంటంబావులో గెలుస్తాడనగా ఇంజిను చచ్చిపోయింది. ఆ రోజు గెలిచింది మెర్సిడెస్. అతని మొండితనం మెర్సిడెస్ జట్టు పెద్ద నోయ్‌బావర్‌కి గుర్తుండిపోయిందంటారు. మూడేళ్ళకి పిలిచి తమ బండి ఇచ్చాడు. యుద్ధం ముగిసి పదేళ్ళే అయింది. జర్మన్లు ఆక్రమించుకున్న ఊళ్ళలో లె మాన్ కూడా ఒకటి. ఆ ఊళ్ళో జర్మన్ బండిలో ఫ్రెంచివాడు. అతని జోడీ ఫిచ్ యుద్ధంలో జర్మన్ల మీద విమానం నడిపి, వాళ్ళ చేతికే చిక్కి ఖైదులో ఉన్నవాడు.

ఇదంతా వింటే మనవాళ్ళు తలరాత అంటారు. 1952లో బండి చెడిపోకపోతే మెర్సిడెస్ కంట్లో అలా పడేవాడా, పడకపోతే ఈ సీట్లో కూచునేవాడా అని లెక్కలు కడతారు. నాకూ ఆ లెక్క నోరూరించింది. కథ చెప్పడానికి అంత కుదురైన ముడి ఇంకోటి దొరకదు. కానీ తలరాత అనడం కూడా ఒక దోషిని వెతుక్కోవడమే. మనిషి దొరక్కపోతే బ్రహ్మదేవుడి మీద తోసేస్తాం, అంతే తేడా. టేపు పట్టుకుని కొలవాల్సిన పని ఒకటి మిగిలిపోయిందన్న సంగతి అప్పుడూ మరుగున పడిపోతుంది. హాథార్న్‌ని తిట్టినా అంతే, విధిని తిట్టినా అంతే. మట్టిగట్టుని తిట్టడం మాత్రం ఎవరికీ చేతకాదు, దానికి ముఖం లేదు గనక.

రేసు ఆపలేదు. ఈ మాట వినగానే చాలామందికి ఒళ్ళు మండుతుంది. నిర్వాహకులు చెప్పిన కారణం ఇది: రెండున్నర లక్షలకి మించిన జనం ఒక్కసారిగా ఇళ్ళకి బయల్దేరితే రోడ్లు కిక్కిరిసి అంబులెన్సులు కదలవు. ఆ కారణం సరైనదే అనుకుంటాను. చాలామందికి అసలేం జరిగిందో తెలీను కూడా తెలీదు. ట్రాకు చుట్టుకొలత 13 కిలోమీటర్ల పైమాట. ఒక కొస మంట లేస్తుంటే, ఇంకో కొస జనం తినుబండారాల కొట్ల దగ్గర ఉన్నారు. ఆ మాటకొస్తే ఊరన్నది ఎప్పుడూ అంతే.

సరైన పని చేసినంత మాత్రాన మనసు తేలికపడదు. ఆ రాత్రి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మెర్సిడెస్ పిట్‌లో జరిగింది. ప్రమాదం జరిగినప్పుడు ఫిచ్, లెవే భార్యతోనే ఉన్నాడు. కొంతసేపటికి, ఎంతమంది పోయారో తెలిసొచ్చాక, బండ్లు వెనక్కి పిలవమని జట్టు మీద ఒత్తిడి పెట్టాడు. నోయ్‌బావర్ చేతిలో అధికారం లేదు. స్టట్‌గార్ట్‌లో డైరెక్టర్లకి ఫోను కలిసి, వాళ్ళు కూచుని మాట్లాడుకుని, జవాబు వచ్చేసరికి అర్ధరాత్రి కావచ్చింది. ఒంటిగంట ముప్పావు ప్రాంతంలో, జనం పలచబడ్డాక, చడీచప్పుడూ లేకుండా మిగిలిన రెండు బండ్లనీ పిలిచేశారు. అందులో ఒకటి అందరికన్నా ముందున్నది. ఫాంజియో, స్టిర్లింగ్ మాస్ పంచుకుని తోలుతున్న బండి.

మీరూ ఆపేయండని జాగ్వార్ వాళ్ళని అడిగారు. ఆపలేదు. మాస్ కూడా, తన జట్టు తీసుకున్న నిర్ణయమే అయినా, దానివల్ల ఒరిగేదేమిటి, పోయినవాళ్ళు తిరిగిరారు కదా అనుకున్నాడు. తర్కానికి మాస్ మాటే నిలుస్తుంది. అయినా నాకు ఫిచ్ పక్కే నుంచోవాలనిపిస్తుంది. చావు జరిగిన ఇంటి ముందు పెళ్ళి ఊరేగింపు బాజా ఆపుతారు. ఆపితే పోయినవాడు లేచొస్తాడని కాదు గదా.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి హాథార్న్, ఐవర్ బ్యూబ్ జోడీ గెలిచింది. షాంపేన్ సీసాతో నవ్వుతున్న హాథార్న్ ఫోటో ఒకటి ఫ్రెంచి పత్రికలో అచ్చయింది, కింద వెటకారపు వ్యాఖ్యతో. ఆ ముఖం దొరకడంతో దేశానికి కావాల్సిన దోషి దొరికేశాడు. ఒక్క ఫోటో మనిషి మనసులో ఏముందో ఏం చెబుతుంది? శనివారం సాయంత్రం అతను బండి దిగినప్పుడు తనవల్లే జరిగిందని కుమిలిపోయాడని అక్కడున్నవాళ్ళు చెప్పారు. 1958లో రాసుకున్న పుస్తకంలో మాత్రం తన తప్పేమీ లేదన్నాడు. అయితే తప్పు నా మీదికి నెట్టినట్టేగా అని మాక్లిన్ పరువునష్టం దావా వేశాడు. అది తేలనే లేదు. ఆ ఏడే ప్రపంచ ఛాంపియన్ అయి, రేసులు చాలించుకున్న హాథార్న్, 1959 జనవరిలో ఇంగ్లాండులో మామూలు రోడ్డు మీద, తన సొంత జాగ్వార్‌లో, వానకి తడిసిన దారిలో పోయాడు. అతనికి 29 ఏళ్ళు. దీనికీ ఏదో లెక్క సరిపోయిందన్నట్టు రాసినవాళ్ళున్నారు. ఆ రాతలు చదివితే నాకు చికాకు. చావుని తీర్పుగా చదవడం మనకి మరీ అలవాటైపోయింది.

లె మాన్ ప్రమాదం తరవాత స్విట్జర్లాండు తన గడ్డ మీద సర్క్యూట్ రేసుల్నే నిషేధించింది. అరవై ఏళ్ళు దాటాక, 2018లో జూరిక్‌లో కరెంటు కార్ల ఫార్ములా-ఈ పందెంతో అక్కడ మళ్ళీ రేసు జరిగింది. మెర్సిడెస్ 1955 చివర రేసుల నుంచి తప్పుకుని, తిరిగి తన పేరు మీద రావడానికి దశాబ్దాలు పట్టింది. లె మాన్‌లో పిట్‌ల ముందరి చోటంతా కూలగొట్టి, రోడ్డు వెడల్పు చేసి, జనాన్ని వెనక్కి జరిపి కట్టారు. ఆ పనివల్ల 1956 రేసు జూన్‌లో కాక జూలై చివర జరిగింది. ఇంత చేయడానికి ఏడాది చాలింది! అది చదివినప్పుడల్లా కడుపులో తిప్పినట్టుంటుంది. ఇటలీ వాళ్ళు మాత్రం మిల్లే మిలియా పందాన్ని మామూలు రోడ్ల మీద, ఊళ్ళ మధ్యనుంచి అలాగే నడిపారు. 1957 మే నెలలో గ్విదిజోలో ఊరి దగ్గర ఫెరారీ ఒకటి టైరు పేలి జనంలోకి పోయింది. తొమ్మిదిమంది ప్రేక్షకులు చనిపోయారు, అందులో ఐదుగురు పిల్లలు. అప్పుడు ఆపారు.

2023 ఫిబ్రవరిలో అదే ఫార్ములా-ఈ హైదరాబాద్ వచ్చింది, హుస్సేన్ సాగర్ ఒడ్డుకి. దారి పొడుగునా కాంక్రీటు దిమ్మలు, వాటి మీద ఎత్తయిన ఇనప వల. నా పక్కనున్న కుర్రాళ్ళు ఆ వలని తిట్టుకుంటూనే ఉన్నారు, ఫోన్లో బొమ్మ సరిగ్గా రావడం లేదని. నేనూ వల కన్నంలో ఫోను ఆనించి తీసుకున్నాను. లె మాన్‌లో స్టూలెక్కిన మనిషికీ కావాల్సింది ఇదే, ఇంకాస్త దగ్గరగా. ఆ కోరికని తప్పనలేను. వల వేసేవాడు ఆ కోరికకి లొంగకపోతే చాలు.

ఫిచ్ రేసులు మానలేదు, ఇంకో పదేళ్ళకి పైగా ఆడాడు. కానీ మరో పని కూడా పెట్టుకున్నాడు. అమెరికా హైవేల మీద, వంతెనల గుంజల ముందూ, దారి చీలే చోట్లా, వరసగా ప్లాస్టిక్ పీపాలు కనిపిస్తాయి. వాటిలో ఇసుక ఉంటుంది. అవి అతను కనిపెట్టినవే. యుద్ధంలో గుడారాల చుట్టూ ఇసుక నింపిన డబ్బాలు పెట్టుకునేవారట, ఆలోచన అక్కడిది. ముందు వరస పీపాల్లో తక్కువ ఇసుక, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. బండి గోడని గుద్దినట్టు ఒక్కసారిగా ఆగిపోకుండా, మెల్లమెల్లగా ఆగాలి. ఏ వరసలో ఎంత పోయాలో తేల్చుకోవడానికి మొదట్లో అతను ఎవరినీ పంపలేదు. తనే కారెక్కి, వేగంగా పోయి, పీపాల్ని గుద్ది చూసుకున్నాడు.