ప్రతికృతి, ఋణం: గ్రీకు ప్లాస్టర్ ప్రతుల నుంచి అమరావతి శిలల దాకా

ఉపోద్ఘాతం

వినాయక చవితి దగ్గరపడితే పుంగనూరు బజారులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వరుసగా నిలుస్తాయి. ఒకే అచ్చులో పోసిన పది విగ్రహాలలో అసలు ఏది, నకలు ఏది అని కొనేవారెవరూ అడగరు. ప్రాణప్రతిష్ఠ జరిగాక ప్రతిదీ పూజకు పూర్తిగా అర్హమే. అదే ప్లాస్టరుతో పోసిన గ్రీకు శిల్పం మ్యూజియంలో కనబడితే మాత్రం "అసలుది ఎక్కడుంది?" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. పదార్థం ఒకటే, పోత పని ఒకటే, విలువ నిర్ణయం మాత్రం వేరు. ఈ భేదానికి కారణమేమిటి? మూలాన్ని పోగొట్టుకున్నవారి ఋణం ప్రతికృతితో తీరుతుందా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాక్షిగా ప్రతికృతి

ఎల్గిన్ ప్రభువు మనుషులు 1801 నుంచి ఏథెన్స్‌లోని పార్థినాన్ ఆలయ శిల్పాలను ఊడదీసి ఇంగ్లండుకు తరలించారు. 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటి కొనుగోలుకు ఆమోదం తెలిపింది. అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. కట్టడం మీదే మిగిల్చిన పడమటి వైపు ఫలకాలకు ఆయన పనివారు అచ్చులు తీసి ప్లాస్టర్ ప్రతులు పోశారు. తరువాతి కాలంలో గాలివానలకు, నగర కాలుష్యానికి ఆ మూలఫలకాలు అరిగిపోయాయి. శిల్పి చెక్కిన కొన్ని వివరాలు నేడు ఆ ప్లాస్టరులోనే మిగిలాయి. ఇక్కడ నకలు మూలానికి సాక్షి.

ఆ 1816లోనే కాలిన్ మెకంజీ అమరావతికి తిరిగివచ్చి మహాచైత్యపు శిల్పాలకు చిత్రాలు గీయించడం మొదలుపెట్టాడు. అప్పటికే ఆ దిబ్బ నుంచి ఎన్నో రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోయాయి. తరువాత మరికొన్ని కనబడకుండా పోయాయి. వాటి రూపం మనకు తెలిసేది ఆ చిత్రాల వల్లనే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా 1859లో లండనుకు, 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. పల్నాటి సున్నపురాయికి అక్కడ 'ఇలియట్ మార్బుల్స్' అన్న పేరు స్థిరపడింది.

ప్రతిని చిన్నచూపు చూసే హక్కు తెలుగు పరిశోధకులకు లేదు. మన కావ్యాలు మనదాకా వచ్చింది లేఖకులు రాసిన ప్రతుల ద్వారానే. సి.పి.బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకొని రాయించినవీ ప్రతులే. కవి స్వహస్తంతో రాసిన తాళపత్రం లేదని ఆ కావ్యాన్ని మనం నకలు అనడం లేదు.

రూపమా, రాయా?

అయితే ప్రతి చాలునన్న మాట ఎంతవరకు చెల్లుతుంది? అమరావతి శాసనాల్లోని 'నాగబు' అన్న పదాన్ని తొలి తెలుగు పదంగా పండితులు చర్చించారు. ఆ చర్చకు శాసనం కాగితపు ప్రతి చాలు, రాయి అక్కరలేదు. భాషాశాస్త్రానికి కావలసింది అక్షరం. అక్షరం ఎన్ని ప్రతులకెక్కినా తరిగిపోదు.

ఆ శాసనాలే మరొక సంగతి కూడా చెబుతున్నాయి. గృహస్థులు, భిక్షుణులు, ఒక చర్మకారుని కుటుంబం తాము చేసిన దానాన్ని 'దేయధర్మం'గా అక్కడ నమోదు చేశారు. వారు ఇచ్చింది రూపాన్ని కాదు, అక్షరాలను కాదు. ఆ స్థలంలో, ఆ చైత్యానికి, ఆ రాతిని. అచ్చు ఎంత నిర్దుష్టంగా ఉన్నా ఆ దానక్రియను మళ్లీ పోయలేదు. కనుక ప్రతి చాలునా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఏ ప్రయోజనానికి అన్నది ముందు తేలాలి. చవితి విగ్రహానికి పవిత్రత ప్రతిష్ఠ వల్ల వస్తుంది, కనుక దానికి మూలంతో పనిలేదు. చైత్యఫలకానికి ఆ విలువ ఒకసారి జరిగిన దానం వల్ల వచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపం ఉంది. రూపం, జ్ఞానం రెండూ ప్రతిలో లభిస్తున్నప్పుడు మూలం ఎక్కడుంటేనేమి? ఈ వాదం రెండువైపులా పదునున్నది. ప్రతి నిజంగా చాలితే, దానిని లండను ఉంచుకొని మూలాన్ని తిరిగి ఇవ్వవచ్చు. అందుకు అంగీకరించనివారు రాతిలో రూపాన్ని మించినదేదో ఉందని తామే ఒప్పుకుంటున్నారు. ఆ మించినదాని విలువ తమకు మాత్రమే తెలుసుననడం న్యాయం కాదు. భద్రత పేరిట చేసే వాదానికి కొంత బలం ఉంది. అమరావతిలోనే మిగిలి ఉంటే కొన్ని రాళ్లు నశించేవేమో. కాపాడినవారికి కృతజ్ఞత చెల్లించవలసిందే. కృతజ్ఞత మాత్రం యాజమాన్య పత్రం కాదు.

ముగింపు

భాసుని ప్రతిమానాటకంలో భరతుడు ప్రతిమాగృహంలో దశరథుని విగ్రహాన్ని చూస్తాడు. గతించినవారికే అక్కడ ప్రతిమలుంటాయని తెలిశాక తండ్రి లేడని గ్రహిస్తాడు. ఆ ప్రతిమ దశరథుని లోటును తీర్చలేదు, ఆ లోటును తెలియజేసింది. 2009లో ఏథెన్స్‌లో తెరిచిన ఆక్రోపోలిస్ మ్యూజియంలో ప్లాస్టర్ ప్రతులు చేసేది ఈ పనే. కాలంతో రంగు మారిన మూలఫలకాల పక్కన, లండనులో ఉన్నవాటి ప్రతులు తెల్లగా నిలుస్తాయి. ఏది లేదో చూపరికి ఆ తెలుపే చెబుతుంది.

ఉపమాలంకారంలో సాదృశ్యంతోపాటు భేదమూ ఉండాలని ఆలంకారికులు చెప్పారు. ప్రతికృతి నైతికతకూ అదే కొలత. తాను మూలం కానని ఒప్పుకుంటూ మూలాన్ని గుర్తుచేసేంతవరకు అది సాక్షి. ఇక అడగవలసింది లేదని చెప్పడానికి దానిని వాడుకున్నప్పుడు అది ఋణాన్ని కప్పిపుచ్చే సాధనమవుతుంది. అమరావతి శిలలకు మనం చేసుకునే ప్రతులనూ ఈ కొలతతోనే చూడవలసి ఉంటుంది.