అమెరికా గంట, మాచర్ల కోడి

నవంబరు మొదటి ఆదివారం దాటగానే నరసరావుపేట, మాచర్ల ఇళ్లలో ఓ చిన్న తికమక. డల్లాస్‌లో ఉన్న కొడుకు పొద్దున ఏడున్నరకు చేసే ఫోను ఎనిమిదిన్నరకు వస్తుంది. అక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పారు మరి! మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు.

మనకూ ఇది బొత్తిగా తెలియని సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, మన దేశ కాలమానాన్నీ గంట ముందుకు జరిపారు. కోడిపోరుతో కథలకెక్కిన పల్నాడులో, ఏ పుంజూ ఆ హుకుం లెక్కచేసి ఉండదు. దాని గడియారం ఒంట్లోనే ఉంది. రోజుల తరబడి మసక వెలుతురులో ఉంచినా పుంజులు తమ వేళకే కూశాయని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు.

పెట్టది వేరే లెక్క. గుడ్లు బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. డల్లాస్‌లో డిసెంబరు పగలు 10 గంటలే. అందుకే అలాంటి చోట్ల పెరటి కోళ్ల గూట్లో బల్బు వెలిగిస్తారు. మన దగ్గర అతి చిన్న పగలు కూడా 11 గంటలు దాటుతుంది. ఇక్కడ నాటుకోడి గుడ్లు ఆపిందంటే చాలాసార్లు పొదగడానికి కూర్చున్నట్టే.

నవంబరులో గడియారం తిప్పినందువల్ల అక్కడి కోళ్లకు వచ్చే చిక్కల్లా గూడు తెరిచే మనిషి గంట ఆలస్యంగా రావడమే. మాచర్ల అవ్వ పొద్దుగూకితే గంప మూస్తుంది, తెల్లారితే ఎత్తుతుంది. కాస్త ఆలస్యమైతే లోపల్నుంచే గోల!